అవతలికి ఏదీ పోదు

మా అక్క కొడుకు ఏడో తరగతి. హనుమకొండలో ఒక ప్రైవేటు స్కూల్లో, పోటీ పరీక్షలకు ముందు నుంచే తయారుచేసే ‘ఫౌండేషన్’ సెక్షన్‌లో చదువుతున్నాడు. మొన్న దసరా సెలవుల్లో మా ఇంటికి వచ్చినప్పుడు వాడి నోట్‌బుక్ తిరగేస్తూ ఒక లెక్క ఇచ్చాను: 5 − ఎ = 2. (తెలియని సంఖ్యకు ‘ఎ’ అని రాయడం నా తరగతిలో అలవాటు. ‘ఎంత’ అనే మాటలో మొదటి అక్షరం. ఎక్స్‌ను తర్వాత పరిచయం చేస్తాను. ఈ వ్యాసంలోనూ అలాగే రాస్తాను.) వాడు పెన్ను పెట్టీ పెట్టకముందే రాసేశాడు. ఎ = 2 − 5. ఎ = −3.

“ఐదు రూపాయల్లోంచి ఎంత ఖర్చు పెడితే రెండు మిగులుతయి?” అని అడిగాను.

“మూడు.” ఆలోచించనే లేదు.

“మరి ఇక్కడ మైనస్ మూడు ఎట్ల వచ్చింది?”

నోట్‌బుక్ వైపు చూశాడు, నా వైపు చూశాడు. “ఐదు అవతలికి పోతే మైనస్ అయితది మామా. రూల్ కరెక్టే పెట్టిన” అన్నాడు.

‘ఎ’ ముందున్న మైనస్‌ను మరిచిపోయాడు, అంతే కదా అని వదిలేయొచ్చు. నేను వదల్లేకపోయాను. వాడికి జవాబు తెలుసు. తెలిసిన జవాబు ఒకటి, కాగితం మీద వచ్చింది ఇంకొకటి. అప్పుడు వాడు కాగితాన్నే నమ్మాడు. పన్నెండేళ్ల పిల్లవాడు తన బుర్రను పక్కనబెట్టి ఒక రూల్‌ను నమ్మాడంటే, అలా నమ్మేటట్టు చేసింది లెక్కల టీచర్లమైన మేమే. నర్సంపేట వైపు ఒక ఊరి జిల్లా పరిషత్ హైస్కూల్లో పద్దెనిమిదేళ్లుగా లెక్కలు చెబుతున్నాను. అందులో మొదటి పదేళ్లు నేనూ బోర్డు మీద అదే వాక్యం రాసి, చుట్టూ డబ్బా గీసి, పిల్లలతో మూడుసార్లు చదివించాను. ‘అవతలికి పోతే గుర్తు మారుతుంది.’

ఆ వాక్యాన్ని ఏడో తరగతిలో మొదలే చెప్పకూడదని ఇప్పుడు నా అభిప్రాయం. ఇంకో మాట కూడా అంటాను, దీనికి తోటి టీచర్లు ఎక్కువ అభ్యంతరం చెబుతారు: సమీకరణాలు నేర్పే నెలలోనే అసమీకరణాలూ (‘కంటే ఎక్కువ’, ‘కంటే తక్కువ’ లెక్కలు) నేర్పాలి. ఏళ్ల తర్వాత కాదు, ఆ నెలలోనే.

ముందు ‘అవతలికి పోవడం’ సంగతి.

నా చిన్నప్పుడు నాకు జ్వరం ఎన్నాళ్లకూ తగ్గకపోతే మా అమ్మ మేడారం మొక్కు మొక్కింది, నిలువెత్తు బంగారం ఇస్తానని. మా వైపు వాళ్లకు చెప్పక్కర్లేదు గానీ, సమ్మక్క సారలమ్మలకు బంగారం అంటే బెల్లం. నిలువెత్తు అంటే మనిషి బరువుకు సరిపోను. జాతర ముందు మమ్మల్ని వరంగల్‌లో ఒక బెల్లం దుకాణానికి తీసుకెళ్లారు. పైకప్పు దూలానికి గొలుసులతో వేలాడే పెద్ద తరాజు. ఒక పళ్లెంలో నన్ను కూర్చోబెట్టి, రెండో దాంట్లో బెల్లం ముద్దలు పెట్టుకుంటూ పోయారు. ముల్లు నిటారుగా నిలబడింది. అప్పుడు మా అమ్మ చూసింది: నా ఒళ్లో కొబ్బరికాయ ఉంది. గుడిలో కొట్టడానికి తెచ్చినది, ఎవరో నా చేతికి ఇచ్చారు.

“దాన్ని తీసెయ్ బిడ్డా” అన్నాడు దుకాణం ఆయన. నేను తీసి, చేతికి అందేంత దూరంలో ఉంది కదా అని, అటు పళ్లెంలో బెల్లం మీద పెట్టాను. ఆ పళ్లెం దబ్బున కిందికి దిగింది, నేను పైకి లేచాను. అందరూ నవ్వారు. దుకాణం ఆయన కొబ్బరికాయను రెండు పళ్లేల్లోంచీ తప్పించి గల్లా పక్కన పెట్టాడు. తర్వాత అంత బరువు బెల్లం అవతలి పళ్లెంలోంచి తీశాడు. ముల్లు మళ్లీ నిటారుగా నిలిచింది.

ఆ సంగతి టీచర్ అయిన పదేళ్లకు గాని నాకు పనికిరాలేదు. కొబ్బరికాయ అర కిలో అనుకుందాం. ఇటు నుంచి తీస్తే ఇటు అర కిలో తగ్గింది. అటు పెడితే అటు అర కిలో పెరిగింది. తేడా కిలో. అంటే తరాజులో ఒక వస్తువును నిజంగా అవతలికి పంపితే, ఉన్న సమానం రెండింతలుగా చెడుతుంది. తూకం చెడకుండా ఉండాలంటే ఇటు ఎంత తీశామో అటూ అంతే తీయాలి. ఏదీ అవతలికి పోదు. రెండు వైపులా ఒకే పని జరుగుతుంది, అంతే. ఒక వైపు ఆ పని ఫలితం సున్నా అయి కనిపించకుండా పోతుంది, రెండో వైపు మైనస్‌గా మిగులుతుంది. దూరం నుంచి చూసేవాడికి అది ఇటు నుంచి అటు నడిచి వెళ్లి వేషం మార్చుకున్నట్టు అనిపిస్తుంది. మేము పిల్లలకు నేర్పుతున్నది ఆ దూరపు చూపునే.

దాని ఫలితాలు ఏటా పరీక్ష పేపర్లలో చూస్తాను. 3ఎ = 12 ఇస్తే ఎ = 12 − 3 = 9 అని రాసేవాళ్లు ఉంటారు: మూడు అవతలికి పోయింది, గుర్తు మారింది. ఇంకొందరు మూడుతో భాగిస్తారు గానీ, అవతలికి పోయింది కాబట్టి మైనస్ కూడా తగిలిస్తారు: ఎ = −4. 2ఎ + 6 = 14లో రెండును ముందే అవతలికి పంపేసి ఎ + 6 = 7 అంటారు. పద్నాలుగు సగమైంది, ఆరు మాత్రం ఆరుగానే ఉండిపోయింది. ఎందుకంటే వాళ్ల లెక్కలో పళ్లెం మొత్తాన్ని సగం చేయలేదు, ఒక అంకె ప్రయాణం చేసింది. ఇవి అజాగ్రత్త తప్పులు కావు. మేము చెప్పిన రూల్‌ను పిల్లలు మాట తప్పకుండా పాటించడం వల్ల వచ్చినవి. అజాగ్రత్తగా ఉన్నవాడికంటే శ్రద్ధగా విన్నవాడికే ఈ తప్పులు ఎక్కువ.

ఈ జబ్బు ఏడులో మొదలైంది కూడా కాదు. ‘=’ గుర్తుకు ప్రైమరీలోనే ఒక తప్పు అర్థం పడిపోతుంది: ‘ఇప్పుడు జవాబు రాయి’ అని. జూన్‌లో మొదటి రోజు ఏ తరగతికైనా నేను ఇచ్చే లెక్క ఇది: 8 + 4 = __ + 5. ఇది కొత్తదేమీ కాదు, అనేక దేశాల్లో పిల్లలకు ఇచ్చి చూసిన లెక్కే. మా దగ్గరా ఎక్కువ మంది ఖాళీలో 12 రాస్తారు. కొందరు ఆగకుండా 17 రాస్తారు. ఏడు రాసేవాళ్లు తక్కువ. ఆరో తరగతి పిల్ల ఒకామె ఐదును చూపించి “ఇది ఎక్కువ పడింది సార్, తప్పు ప్రింట్ అయింది” అంది. అలాంటి పిల్లలే 5 + 3 = 8 × 2 = 16 − 1 = 15 అని గొలుసులాగా రాసుకుంటూ పోతారు. ఐదు మూడు కలిపితే పదిహేనుకు సమానమా అంటే తెల్లబోతారు. వాళ్ల దృష్టిలో ఆ గుర్తు ‘తర్వాత’ అనే మాటకు బదులు వాడేది.

ఆ గుర్తును 1557లో మొదటిసారి అచ్చు పుస్తకంలో వాడినవాడు రాబర్ట్ రికార్డ్ అనే వేల్స్ దేశస్థుడు. ‘సమానం’ అని మళ్లీ మళ్లీ రాయడం విసుగనిపించి, ఒకే పొడవున్న రెండు సమాంతర గీతలు పెట్టాడు. వాటికంటే సమానమైన రెండు వస్తువులు ఉండవు కనుక అని కారణం కూడా రాశాడు. రెండు గీతల్లో ఒకటి ఇటు, ఒకటి అటు. ఏదీ ముందు కాదు, ఏదీ తర్వాత కాదు. ఈ సంగతి పిల్లలకు చెప్పడానికి ఐదు నిమిషాలు పడుతుంది. చెప్పాక 7 = ఎ + 3 లాంటి లెక్కలు కొన్నాళ్లు చేయిస్తే, తెలియనిది కుడివైపు ఉన్నా కంగారు పడరు.

అసలు ఈ విద్యకు ‘ఆల్జీబ్రా’ అన్న పేరు ఎక్కడి నుంచి వచ్చిందో చూసినా అదే కనబడుతుంది. తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాద్‌లో గణితవేత్త అల్ ఖ్వారిజ్మీ రాసిన గ్రంథంలోని ‘అల్ జబ్ర్’ అన్న మాట నుంచి. విరిగినదాన్ని తిరిగి కూర్చడం, లోటు పూడ్చడం అని దాని అర్థం. ఒక వైపు ఏదైనా తక్కువ పడితే, ఆ తక్కువను రెండు వైపులా కలిపి పూడ్చేయడం. ఆయన గుర్తులేవీ వాడలేదు, ఆస్తి పంపకాలూ బేరాలూ అన్నీ మాటల్లోనే సాధించాడు. మా మేనల్లుడి లెక్కకు ఇదే మందు. 5 − ఎ అంటే ఐదుకు ‘ఎ’ అంత లోటు. ఆ లోటును రెండు వైపులా పూడ్చు: 5 = 2 + ఎ. ఇక చేయాల్సిందేమీ లేదు, చూస్తేనే తెలుస్తుంది.

మన దగ్గర భాస్కరాచార్యుడు 1150 ప్రాంతంలో బీజగణితంలో ఇచ్చిన లెక్క ఒకటుంది. దాన్ని ఏటా ఏడో తరగతికి మొదటి వారంలోనే ఇస్తాను. ఒకాయన దగ్గర 300 రూపాయలు, ఆరు గుర్రాలు ఉన్నాయి. ఇంకొకాయన దగ్గర అలాంటివే పది గుర్రాలు, 100 రూపాయల అప్పు ఉన్నాయి. ఇద్దరి ఆస్తి సమానం. గుర్రం ధర ఎంత? భాస్కరుడు తెలియనిదానికి ‘యా’ అని రాశాడు. యావత్ తావత్, అంటే ‘ఎంతైతే అంత’ అనే మాటలో మొదటి అక్షరం. నా ‘ఎ’ అక్కడి నుంచే వచ్చింది.

ఈ లెక్కను బోర్డు మీద రాయకుండా నోటితో చెబితే పిల్లలు ఎలా చేస్తారో వినాలి. “ఇద్దరి దగ్గర ఆరు గుర్రాలు అమ్మేద్దాం సార్, ఇద్దరికీ పైసలు అంతే వస్తయి కదా” అంటాడు ఒకడు. మిగిలింది: ఇటు 300, అటు నాలుగు గుర్రాలూ నూరు అప్పూ. “ఇద్దరికీ నూరు నూరు ఇస్తే ఆయన అప్పు తీరుతది” అంటుంది ఇంకో పిల్ల. ఇటు 400, అటు నాలుగు గుర్రాలు. గుర్రం వంద. గుర్రాన్ని గానీ అప్పును గానీ అవతలికి పంపుదామని ఇప్పటిదాకా ఒక్కరూ అనలేదు. మనుషుల ఆస్తి గురించి మాట్లాడేటప్పుడు అలాంటి ఆలోచన రాదు.

తరాజు ఉదాహరణ చాలదని ఒక అభ్యంతరం ఉంది. అది నిజం. పళ్లెంలో మైనస్ మూడు కిలోలు పెట్టలేం. అక్కడ అప్పు పనికొస్తుంది. ఈ విషయంలో తెలుగు మీడియం పిల్లలకు ఉన్న వసతి నేను ఇంకెక్కడా చూడలేదు. మనం ధన సంఖ్య, రుణ సంఖ్య అంటాం. ధనం అంటే ఉన్నది, రుణం అంటే అప్పు. 628లో బ్రహ్మగుప్తుడు ఈ సంఖ్యలకు సూత్రాలు చెప్పింది ఈ మాటలతోనే, అవే మన పుస్తకాల్లో ఇప్పటికీ ఉన్నాయి. ‘నెగెటివ్’ అన్న మాట వింటే పిల్లలకు ఏ బొమ్మా కనబడదు. 2022–23లో తెలంగాణ ప్రభుత్వ బడుల్లో ఎనిమిది దాకా ఇంగ్లిష్ మీడియం వచ్చింది. పుస్తకంలో ఒక పక్క ఇంగ్లిష్, ఇంకో పక్క తెలుగు ఉంటుంది. ఇంగ్లిష్ రావాలి, అందులో నాకు వాదం లేదు. కానీ నెగెటివ్ అని చెప్పిన ప్రతిసారీ రుణం అనే మాట కూడా అంటాను. ఇంకో సంగతి: ‘ఎక్స్ కంటే ఐదు తక్కువ’ అని తెలుగులో వింటే పిల్లలు ఎక్స్ ముందు రాసి ఐదు తీసేస్తారు, మాట వచ్చిన వరుసలోనే. అదే ‘ఫైవ్ లెస్ దాన్ ఎక్స్’ అని చదివితే ఐదు ముందు రాస్తారు. లెక్క తలకిందులవుతుంది. ఆ పిల్లలు ఇంగ్లిష్ వాక్యం దగ్గర తప్పారు, లెక్కలో కాదు. మార్కులు మాత్రం లెక్కల్లోనే పోతాయి.

ఇక అసమీకరణాలు.

నేను చెప్పే పుస్తకాల్లో ఏడో తరగతికి సామాన్య సమీకరణాల అధ్యాయం ఉంది, ఎనిమిదిలో మళ్లీ ఉంది, తొమ్మిదిలో రెండు చరరాశులతో (తెలియని సంఖ్యలతో) ఉంది, పదిలో జతలుగా ఉంది. ‘కంటే ఎక్కువ’, ‘కంటే తక్కువ’ గుర్తులు మాత్రం సంఖ్యలను పోల్చడానికి ఆరులో కనిపించి తర్వాత పక్కకు తప్పుకుంటాయి. వాటిని సాధించడం అనే పని హైస్కూల్లో విడి పాఠంగా లేదు. నేను పది చదివే రోజుల్లో లీనియర్ ప్రోగ్రామింగ్ అని ఒక అధ్యాయం ఉండేది. గ్రాఫ్ పేపర్ మీద గీతలు గీసి ఒక మూల షేడ్ చేసేవాళ్లం. ఎందుకు ఆ మూలే షేడ్ చేస్తున్నామో నాకు అప్పట్లో తెలియదు. అదీ తర్వాత పోయింది. ఇంటర్‌లో ఎంపీసీ తీసుకున్నవాళ్లకు వర్గ అసమీకరణాలు ఒక్కసారిగా ఎదురవుతాయి. మిగతా పిల్లలు ‘కంటే’ అన్న మాటను లెక్కగా చేయకుండానే చదువు ముగిస్తారు.

వాళ్ల ఇళ్లలో మాత్రం రోజంతా లెక్క అదే. ఊళ్లో ఎవరూ ‘సరిగ్గా ఇంత’ అని బతకరు. ఖర్చు ఇంత దాటొద్దు, వడ్డీ ఇంతకు మించొద్దు, ధర ఇంతకు తగ్గొద్దు. ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి తోలే రైతు ఇంటి దగ్గరే అనుకుని బయలుదేరుతాడు: క్వింటాకు ఇంత కంటే తక్కువైతే కోల్డ్ స్టోరేజీలో పెడదాం, ఎక్కువైతే అమ్ముదాం. అది అసమీకరణమే. వడ్లు కొనుగోలు కేంద్రానికి పోతే తేమ 17 శాతం దాటకూడదు. పత్తి అయితే 12. పాస్ కావాలంటే 35కు తగ్గకూడదు. మా పిల్లలు వీటన్నిటి మధ్యే పెరుగుతున్నారు, బడికి వచ్చాక మాత్రం అన్నీ సరిగ్గా సమానంగా ఉండే ఒక లోకం గురించి నాలుగేళ్లు చదువుతారు.

మా బడి పిల్లల్లో సగానికి పైగా పత్తి వేసే ఇళ్ల నుంచి వస్తారు. అందుకే నేను ఎంచుకున్నది పత్తి లెక్క. 2024–25 సీజన్‌లో పొడుగు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాకు 7,521 రూపాయలు ఉండేది. అది తేమ 8 శాతం ఉన్నప్పుడు. ఆ పైన ఒక్కో శాతానికీ ధరలో ఒక్కో శాతం, అంటే ఆ సీజన్‌లో 75 రూపాయల చిల్లర, కోశారు. 12 దగ్గర అది 7,220 దాకా పడిపోయేది. 12 దాటితే సీసీఐ (పత్తి కొనే ప్రభుత్వ సంస్థ) కొననే కొనదు. జిన్నింగ్ మిల్లు దగ్గర తేమ మీటర్ పత్తిలోకి గుచ్చి చూసేటప్పుడు తండ్రి ముఖం ఎలా ఉంటుందో ఆ పిల్లలకు తెలుసు.

లెక్క సులువు కావడానికి ధర 7,500, కోత 75 అనుకుందాం అంటాను. 8 మీద తేమ ఎంత ఎక్కువ ఉందో అది ‘ఎ’. చేతికొచ్చేది 7,500 − 75ఎ. ఇప్పుడు ప్రశ్న: క్వింటాకు కనీసం 7,275 రావాలంటే తేమ ఎంతవరకు ఉండొచ్చు?

7,500 − 75ఎ ≥ 7,275. (≥ అంటే ‘ఎక్కువ, లేదా సమానం’.)

మామూలుగా ఎక్కడ ఈ పాఠం చెప్పినా ఇక్కడ ఇంకో డబ్బా గీసి ఇంకో రూల్ రాస్తారు: రుణ సంఖ్యతో గుణిస్తే లేదా భాగిస్తే గుర్తు తిరగబడుతుంది. ఎందుకో చెప్పరు. పిల్లలు ముందు నేర్చుకున్న రూల్‌ను (అవతలికి పోతే గుర్తు మారుతుంది) దీనితో కలిపేసి, ఏ గుర్తు ఎప్పుడు మారుతుందో తెలియక, కూడికకూ తిప్పేస్తారు, తీసివేతకూ తిప్పేస్తారు. కొందరు భయపడి అసలే తిప్పరు. ‘గుర్తు’ అనే ఒక్క మాటకు రెండు అర్థాలు ఇచ్చింది మేమే కదా.

పత్తి లెక్కలో ఆ రూల్ అవసరమే పడదు. ధర తగ్గొద్దంటే తేమ పెరగొద్దు. ‘తగ్గొద్దు’ ఒక వైపు, ‘పెరగొద్దు’ ఒక వైపు. గుర్తు తిరగబడడం అంటే ఇదే, అది పిల్లలకు బడికి రాకముందే తెలుసు. కాగితం మీద కూడా అల్ ఖ్వారిజ్మీ పద్ధతే పెడదాం. కోత పడిన వైపు లోటు ఉంది కాబట్టి, 75ఎ రెండు వైపులా కలిపి పూడ్చు: 7,500 ≥ 7,275 + 75ఎ. రెండు వైపులా 7,275 తీసెయ్: 225 ≥ 75ఎ. డెబ్బై ఐదుతో భాగించు: 3 ≥ ఎ. తేమ 11 దాటొద్దు. ఎక్కడా ఏదీ తిప్పలేదు. రుణ సంఖ్యతో భాగించే పరిస్థితే రాలేదు.

తర్వాత ఆ రూల్ కూడా చెబుతాను, రుణం అనే మాటతోనే. రెండు రూపాయలు ఉన్నవాడి కంటే ఐదు ఉన్నవాడు మెరుగు. రెండు రూపాయల అప్పు ఉన్నవాడూ ఐదు రూపాయల అప్పు ఉన్నవాడూ ఎదురుపడితే ఎవరు నయం? 2 < 5, కానీ −2 > −5. ఉన్నదంతా అప్పుగా మారిస్తే వరుస తలకిందులవుతుంది. ఇది చెప్పడానికి పీరియడ్‌లో సగం కూడా పట్టదు.

అసమీకరణాలను పక్కపక్కనే పెట్టమనడానికి నాకున్న అసలు కారణం వేరే. సమీకరణంలో తప్పుడు రూల్ చాలాసార్లు సరైన జవాబే ఇస్తుంది, అందుకే తప్పు బయటపడదు. అసమీకరణంలో అది దాక్కోలేదు. −2ఎ < 6 అని ఇస్తే ఏమీ తిప్పకుండా ఎ < −3 అని రాస్తారు. “సున్నా పెట్టి చూడు” అంటాను. ఎడమవైపు సున్నా, ఆరు కంటే తక్కువే. అంటే సున్నా జవాబుల్లో ఉండాలి. నీ జవాబులో సున్నా ఉందా? లేదు. పిల్లవాడు తన జవాబును తానే తప్పు పట్టాడు, నేను ఎర్ర పెన్ను తీయలేదు. సమీకరణంలో జవాబు ఒక్కటే అంకె, పుస్తకం వెనక పేజీ చూస్తే తేలిపోతుంది. ఇక్కడ జవాబు ఒక గుంపు. ఎవరు లోపల, ఎవరు బయట అని అంకెలు పెట్టి చూడక తప్పదు. ఈ అలవాటు పట్టుబడ్డ పిల్లలు సమీకరణాల్లోనూ జవాబును తిరిగి పెట్టి చూసుకోవడం మొదలుపెట్టారు. అంతకుముందు ఏళ్ల తరబడి ‘సరిచూడండి’ అని మొత్తుకున్నా ఎవరూ చూసేవాళ్లు కాదు.

హద్దు దగ్గర జరిగే వాదనలు నాకు ఈ పాఠంలో అన్నిటికంటే ఇష్టం. బస్సులో ఐదేళ్ల లోపు పిల్లలకు టికెట్ లేదు. ‘లోపు’లో ఐదు ఉందా, లేదా? నిన్న ఐదు నిండిన పిల్లకు? ఒక పీరియడ్ అంతా దీనికే పోయింది ఒకసారి, నేను ఆపలేదు. ‘12 దాటొద్దు’లో 12 ఉంది. ‘12 కంటే తక్కువ’లో 12 లేదు. ‘35కు తగ్గకుండా’లో 35 ఉంది. ‘తక్కువ కాదు’ అన్న మాటను చాలామంది ‘ఎక్కువ’ అని రాసేస్తారు, మధ్యలో ‘సమానం’ ఉందని మరిచిపోతారు. సరిగ్గా 35 వచ్చినవాడు పాసా ఫెయిలా అని అడిగితే మాత్రం ఒక్కరూ తప్పు చెప్పరు. హద్దు మీద నిలబడ్డవాడి సంగతి తేల్చడమే కింద గీత ఉన్న గుర్తుకూ లేని గుర్తుకూ తేడా.

చరిత్రలో కూడా ఈ గుర్తులు మరీ దూరంగా పుట్టలేదు. ఇప్పుడు మనం వాడే < , > గుర్తులు 1631లో అచ్చయిన, ఇంగ్లండ్ గణితవేత్త థామస్ హారియట్ పుస్తకంలో వచ్చాయి. అప్పటికి ఆయన చనిపోయి పదేళ్లు. ‘సమానం’ గుర్తు కూడా ఆ కాలంలోనే మెల్లగా స్థిరపడింది.

తోటి టీచర్లు అనేది నాకు తెలుసు. ఒకరు నాతో సూటిగానే అన్నారు: “సార్, మీరు చెప్పేది బాగనే ఉంది, సిలబస్ ఎవరు పూర్తి చేయాలె?” ఆ టెన్షన్ నిజం. ఎలక్షన్ డ్యూటీలు, సర్వేలు, ట్రైనింగులు పోను మిగిలే పీరియడ్లు ఎన్నో మాకే తెలుసు. నా అనుభవం ఏమిటంటే, ఏడో తరగతిలో ఈ పద్ధతికి ఆరేడు పీరియడ్లు ఎక్కువ పడతాయి. ఎనిమిదిలో అంతకంటే ఎక్కువే తిరిగొస్తాయి, ఎందుకంటే ఎనిమిదిలో రెండు వైపులా చరరాశి ఉన్న లెక్కలు మొదటి నుంచీ మళ్లీ చెప్పే పని ఉండదు. గుర్రాల లెక్క ఏడులోనే చేసినవాళ్లకు అదేమీ కొత్త కాదు.

ఇంకో అభ్యంతరం మా బావ నుంచి వచ్చింది, మేనల్లుడి తండ్రి. ఫౌండేషన్ పరీక్షలో ప్రశ్నకు నిమిషం ఉంటుంది, రెండు వైపులా రాసుకుంటూ కూర్చుంటే వెనకబడతాడు అని. నేను షార్ట్‌కట్‌కు శత్రువును కాను. బోర్డు మీద నేనూ ఒక్క లైనులోనే రాస్తాను. కానీ నేను దాన్ని ఎందుకో తెలిసి వాడుతున్నాను, ఎక్కడ ఆగాలో తెలిసి వాడుతున్నాను. అది తెలియని పిల్లవాడు నిమిషంలో మైనస్ మూడు రాస్తాడు. నెగెటివ్ మార్కులుండే పరీక్షలో ఆ వేగం వాడికే నష్టం. బావ ఒప్పుకున్నాడని చెప్పను. మేనల్లుడు మాత్రం ఆ రాత్రి గుర్రాల లెక్కను వాళ్ల అమ్మకు వేశాడు.

ఈసారి నవంబర్‌లో, పత్తి తీతలు జోరు మీద ఉండి తరగతిలో సగం బెంచీలు ఖాళీగా ఉన్న రోజుల్లో, ఏడో తరగతి పిల్లవాడు ఒకడు లేచి అడిగాడు. “సార్, ప్రతిసారి రెండు దిక్కుల రాసుడేనా? ఇటు ప్లస్ ఆరు ఉంటే అటు మైనస్ ఆరు రాస్తే అయిపాయె. ఒక లైను మిగులుతది.”

“ఎందుకు అయిపోతది?” అన్నాను.

“రెండు దిక్కుల ఆరు తీసిన సార్. ఇటు తీసింది సున్నా అయింది, కనబడది. అటు తీసింది కనబడుతది.”

వాడిని అలాగే రాసుకోమన్నాను. ఆ రోజు నుంచి నోట్‌బుక్‌లో నేరుగానే రాస్తున్నాడు. వారం తర్వాత బోర్డు మీద 20 − 4ఎ > 8 వేశాను. వాడు ఒక లైను రాయబోయి ఆగాడు. “ఇది తిరగబడేటట్టున్నది, మొత్తం రాస్త సార్” అని, రెండు వైపులా 4ఎ కలిపాడు. 20 > 8 + 4ఎ. తర్వాత 12 > 4ఎ. తర్వాత 3 > ఎ. రాశాక కూర్చోలేదు. పక్కన చిన్నగా రెండు పెట్టి చూశాడు, పన్నెండు వచ్చింది, సరే. నాలుగు పెట్టాడు, నాలుగు వచ్చింది, కాదు. చివరికి మూడు పెట్టాడు.

“మూడు పనికిరాదు సార్, సమానం అయితున్నది” అన్నాడు.